మృగశిర రాకముందే డాబా ఎక్కండి

ఓ ఆరేళ్ల కిందట, జూన్ నెలాఖరులో, రాత్రి పదకొండింటికి మా పడగ్గదిలో ఫ్యాన్ కొక్కెం దగ్గర్నుంచి నీళ్లు ధారకట్టాయి. కింద బకెట్టు పెట్టి, మెయిన్ ఆపేసి, తెల్లవార్లూ చీకట్లో కూర్చున్నాం. పొద్దున్నే ఒకాయన వచ్చి చూసి, స్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందేనని, నలభై వేలు దాటుతుందని లెక్క చెప్పాడు. మనసొప్పక మా ఇల్లు కట్టిన పాత తాపీ మేస్త్రిని పిలిపించాను. ఆయన డాబా మీదికెళ్లి, లుంగీ ఎగ్గట్టి, చీలమండ లోతు నీళ్లలో నడుచుకుంటూ పోయి మూలనున్న పైపు నోట్లో చెయ్యి పెట్టాడు. బయటికొచ్చింది ఒక బాదం ఆకు. చిన్న విస్తరంత ఉంది, జాలీ మీద పళ్లెం బోర్లించినట్టు అతుక్కుపోయింది. దాని కింద నలిగిన పాలిథిన్ సంచి. రెండూ లాగేసరికి నీళ్లు గుడగుడమని సుడి తిరిగి, కాఫీ తాగేలోపు దిగిపోయాయి.

"స్లాబుకేం రోగం లేదు బాబూ, నీళ్లకి దారి లేదంతే" అన్నాడు.

ఫ్యాన్ దగ్గరికి ఎలా వచ్చాయో కూడా ఆయనే చూపించాడు. సోలార్ హీటరు వైరు కోసం డాబా మీద వదిలిన కరెంటు గొట్టం నోరు నేలకి రెండంగుళాల ఎత్తులో తెరుచుకుని ఉంది. నీళ్లు అంతకు మించి నిలవగానే అందులోకి దిగి, స్లాబులో పరిచిన గొట్టాల వెంట పోయి ఫ్యాన్ దగ్గర బయటపడ్డాయి. ఆ గొట్టానికి మోచేయి (ఎల్బో) బిగించి నోరు కిందికి తిప్పితే సరిపోయింది. దానికైన ఖర్చు చెబితే నవ్వుతారు.

అప్పట్నుంచి ప్రతి వేసవిలో ఒక పని పెట్టుకున్నాను. వాన పడే చోటు నుంచి వీధి కాలువ దాకా నీళ్లు ఏ దారిన పోతాయో, ఆ దారి వెంట నేనూ నడుస్తాను. రోహిణి కార్తె ఎండలో డాబా మీద పనేమిటని ఇంట్లో విసుక్కుంటారు గానీ, పగుళ్లకు పెట్టిన మందు బాగా ఆరాలంటే వాన లేని ఆ పొడి రోజులే కావాలి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, ఆ ముందూ వెనకా నైరుతి మన వైపు తిరుగుతుంది. తొలకరి పడ్డాక మేస్త్రి దొరకడు, దొరికినా గోడ ఆరదు. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకైతే అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో అక్కడ ఏం జరిగిందో చూశాం. వాళ్లు దసరా సెలవుల్లో ఇంకోసారి ఎక్కి చూసుకోవాలి.

ముందు ఒక లెక్క

చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,650 లీటర్లు, అంటే వీధిలోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకరుకు కాస్త తక్కువ. ఇదంతా గంటలో మన నెత్తి మీద పడితే రెండు మూడు గొట్టాల్లోంచి దిగిపోవాలి. దిగకపోతే నాలుగున్నర టన్నుల బరువు స్లాబు మీద కూర్చుంటుంది. ఇందుకే గొట్టం సైజు దగ్గర పిసినారితనం పనికిరాదు. 75 మిల్లీమీటర్ల పైపు బదులు 110 వేస్తే లోపలి జాగా రెండింతలు దాటుతుంది. రేటు రెండింతలు కాదు.

డాబా మీద

మొదట ఊడ్వండి. చీపురుతో పైపైన కాదు, మూలల్లో పేరుకున్న మట్టిని తాపీతో గీకి తట్టకెత్తండి. నీళ్లతో కడిగి పైపులోకి తోయడం చాలామంది చేసే తప్పు. ఆ మట్టి కింద మలుపులో కూర్చుని సిమెంటులా గట్టిపడుతుంది. సంక్రాంతి గాలిపటాల దారం, పావురాల ఈకలు, ఉగాదికి ముందు రాలిన వేపాకు, వడియాలు పెట్టినప్పుడు చీరకొంగుకి వేసిన పిన్నులు, పిల్లల ప్లాస్టిక్ బంతి. మా పైపులో ఇవన్నీ ఏదో ఒక ఏడాది దొరికాయి.

తర్వాత పైపు నోరు. చదునుగా ఉండే జాలీ మీద ఒక్క పెద్ద ఆకు పడినా దారి మూసుకుంటుంది. బుట్ట బోర్లించినట్టు ఉబ్బెత్తుగా ఉండే జాలీ వేయించండి. అడుగున ఆకులు చేరినా పైనుంచి నీళ్లు పోతాయి. జాలీయే తీసేస్తే పోలా అనుకోవద్దు, పైన ఆగాల్సిన చెత్త గొట్టం మధ్యలో ఆగుతుంది. ఇంకో జాగ్రత్త, పిట్టగోడలో పైపులకు కాస్త ఎత్తున ఒకటి రెండు తూములు బయటికి వదిలించుకోండి. పైపులు పూడుకున్న రోజున నీళ్లు అక్కణ్నుంచి దూకి, మీకు కబురు చెబుతాయి.

ఇప్పుడు బకెట్ పరీక్ష. పైపుకు దూరంగా ఉన్న మూల నుంచి నాలుగైదు బకెట్లు కుమ్మరించి, చూస్తూ నిలబడండి. నీళ్లు పైపు వైపు పరుగెత్తాలి. వాటం సరిగ్గా ఉంటే పదడుగులకు అంగుళం పైచిలుకు పల్లం ఉంటుంది. ఎక్కడైనా మడుగు కట్టి అరగంటయినా కదలకపోతే సుద్దముక్కతో దాని చుట్టూ గీత గీయండి. మేస్త్రి వచ్చినప్పుడు ఆ గీతే మాట్లాడుతుంది. "డాబా అంతా చేద్దాం" అనేవాడికి ఆ నాలుగు చదరపు అడుగులు చూపించి, అక్కడ మాత్రం వాటం సరిచేయమనొచ్చు. అదే సమయంలో కింద ఇంకొకరిని పైపు చివర నిలబెట్టండి. పైన వెళ్లినంత జోరుగా కింద రాకపోతే మధ్యలో ఏదో ఉందన్నమాట. మలుపు దగ్గర మూత విప్పే వీలుంటే అక్కడ చూడండి, లేకుంటే ప్లంబరు స్ప్రింగు తీగ దింపుతాడు. ఇనుప కడ్డీతో పొడిస్తే ప్లాస్టిక్ పైపు చీలుతుంది. చీలింది గోడలో ఉంటే వర్షాకాలమంతా గోడ తాగుతూనే ఉంటుంది.

పగుళ్లలో నన్ను ఎక్కువ భయపెట్టేవి స్లాబు మధ్యలో ఉండేవి కావు, పిట్టగోడా స్లాబూ కలిసే మూల వెంట ఉండేవి. రెండూ వేర్వేరు రోజుల్లో కట్టినవి, ఎండకు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, ఆ అతుకు ఏటా కొంచెం తెరుచుకుంటుంది. అక్కడ సిమెంటుతో ఏటవాలు గట్టు ఉందా, ఊడిందా చూడండి. పగులు మీద సిమెంటు పాలు పూసి వదిలేస్తే మళ్లీ ఎండాకాలానికి పొరలా లేచొస్తుంది. పగులును ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము తీసి, తడిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించాలి. చలువ కోసం వేసే తెల్ల పెయింటు వేరు, నీరాపే పూత వేరు. డబ్బా మీద ఏముందో చదివి కొనండి.

పగుళ్లలో మొలిచిన రావి మొక్క సంగతి కూడా చెప్పాలి. అరచేతి ఎత్తున ముద్దుగా ఉన్నప్పుడే తీసేయాలి. పైన తుంచితే వేరు ఇంకా బలిసి గోడను చీలుస్తుంది. రావి చెట్టును నరకకూడదని పట్టింపు ఉంటే వేరుతో సహా పెకలించి ఎక్కడైనా చెరువు గట్టున నాటండి, పుణ్యానికి పుణ్యం. నాచు మీద యాసిడ్ మాత్రం పోయొద్దు, అది సిమెంటునే తినేస్తుంది. బ్లీచింగు నీళ్లు, గట్టి బ్రష్షు చాలు. యాసిడ్, బ్లీచింగు కలిపి పోస్తే వచ్చే క్లోరిన్ వాయువు ప్రాణాల మీదికి తెస్తుంది.

సజ్జలను చాలామంది మర్చిపోతారు. పైన నాలుగు ఇటుకలు, పాత పూలకుండీ, విరిగిన బొమ్మ, వాటి మధ్య నీళ్లు. వారం రోజులు నిలిస్తే డెంగీ దోమకు అంతకంటే మంచి పురిటిల్లు ఉండదు. సజ్జ అడుగున అంచు వెంట సన్నటి గాడి ఉంటుంది, నీటిబొట్టు గోడ దాకా పాకకుండా అక్కడే రాలిపోవడానికి. పెయింటు మీద పెయింటు వేసి చాలా ఇళ్లలో దాన్ని పూడ్చేస్తారు. ఈసారి పెయింటరుకు ముందే చెప్పండి.

పెంకులు, రేకులు

పెంకుటిళ్లను మన పెద్దలు వానలకు ముందు తిరగనేయించేవారు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు తగ్గారు, కోతులు మాత్రం పెరిగాయి. జారిన పెంకును సర్దించండి. రెండు వాలులు కలిసే లోయలో వేసిన రేకు కాలువను ముఖ్యంగా చూడండి. మండువా లోగిళ్లలో నాలుగు వైపుల నీళ్లూ చూర్ల నుంచి, ఆ లోయల వెంట దిగి నడుమనున్న మండువాలో పడేవి. తుప్పు పట్టి రేకులో సూదిమొనంత చిల్లి పడితే చాలు, కింద వాసాలు కుళ్లడం మొదలవుతుంది.

రేకుల షెడ్డయితే బోల్టుల కింద రబ్బరు వాషర్లు ఎండకు పెళుసెక్కి ఉంటాయి. అవి మార్చడమే సగం పని. సిమెంటు రేకు మీద కాలు నేరుగా పెట్టకండి, అడుగున గొట్టం ఉన్న చోట పలక వేసి దాని మీద నడవాలి. రేకు విరిగి పడినవాళ్ల కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి.

గోడ దిగాక

పైనుంచి దిగిన నీళ్లు గోడ మొదట్లో గుంట కొడుతుంటే డాబా మీద పడ్డ కష్టమంతా వృథా. పైపు చివర మోచేయి తిప్పి, కింద బండ వేసి, నీళ్లు ఇంటికి దూరంగా పారేలా వాకిలి వాటం ఉందో లేదో చూసుకోండి. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ముఖ్యం. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని బీటలు తీస్తుంది, పునాది దాంతోపాటు ఊగుతుంది. ఇంకుడు గుంతను గోడకు ఆనించి తవ్వొద్దనేదీ అందుకే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వాన నీటిని నేలలోకి ఇంకించమంటోంది, మంచి మాటే. కానీ తవ్వి వదిలేసిన గుంత పైపొర ఒండ్రుతో మూసుకుపోయి రెండేళ్లలో తొట్టిలా మారుతుంది. పైనున్న ఇసుక, కంకర తీసి కడిగి మళ్లీ వేయండి.

ఇక అన్నిటికంటే పెద్ద తప్పు. వాన పైపును తీసుకెళ్లి మురుగు చాంబర్లో కలపడం. ఆ లైను బాత్రూముల నీటికి సరిపడా వేసింది. మన వీధిలో ఇరవై డాబాల నీళ్లు అందులోకి దూకితే పల్లంలో ఉన్న ఇంట్లో బాత్రూం జాలీలోంచి మురుగు పైకి తన్నుతుంది. మీ ఇల్లు మెరక మీద ఉంటే కింద ఉన్నవాళ్లు తిట్టుకుంటారు, పల్లంలో ఉంటే మీరే తోడుకుంటారు. వేరే గొట్టం వేసి వాన కాలువలోకో, ఇంకుడు గుంతలోకో మళ్లించండి. పల్లపు ఇళ్లవాళ్లు ప్లంబరును అడిగి మురుగు లైనుకు వెనక్కి రానివ్వని వాల్వు బిగించుకోవడం మంచిది. సంపు మూత నేలకు కనీసం అరడుగు ఎత్తున ఉండాలి. ఒకసారి వరద నీరు సంపులోకి పోయాక వడకట్టి వాడుకుందామనుకోవద్దు, మొత్తం తోడి, రుద్ది కడగాలి.

చాంబరు, సెప్టిక్ ట్యాంకు పూడితే మనిషిని లోపలికి దింపకండి. లోపలి వాయువు రెండు ఊపిరుల్లో పడేస్తుంది, కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది కూడా. యంత్రం బండినే పిలవండి.

వాన పడుతుండగా

జోరువానలో పైపు పూడిందని పరుగెత్తుకుంటూ డాబా ఎక్కకండి. మెరుపులుంటే అసలే వద్దు. నాచు మీద కాలు జారుతుంది, పిట్టగోడ పక్కన కరెంటు తీగలు ఉంటాయి. గోడ చెమ్మగా ఉండి స్విచ్‌బోర్డు చిరుషాకు కొడుతుంటే ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే సర్క్యూట్ స్విచ్చు) దింపేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వదిలేయండి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ వానలకు ముందే నొక్కి చూసుకోవాలి. వీధిలో తీగ తెగితే దగ్గరకు పోకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి. నీళ్లు పోవడం లేదని వీధి మ్యాన్‌హోల్ మూత తీసి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకూడదు, మోకాలి లోతు నీళ్లలో ఆ గొయ్యి ఎవరికీ కనపడదు.

తొలి గట్టివాన వెలిశాక, ఒక పెన్సిలు పట్టుకుని గదులన్నీ తిరగండి. చెమ్మ కనిపించిన చోటల్లా దాని అంచు వెంట గీత గీసి తేదీ వేయండి. తర్వాతి వానకు మరక గీత దాటిందంటే నీళ్లు ఇంకా వస్తున్నాయి, పైన ఎక్కడో దారి తప్పాయి, మళ్లీ వెతకాలి. దాటలేదంటే పాత తడే ఆరుతోంది. ఆరేదాకా పెయింటు జోలికి పోవద్దు, పొంగి పెచ్చులు ఊడుతుంది. మా పడగ్గది కప్పు మీద ఆనాటి పెన్సిలు గీత ఇప్పటికీ ఉంది. చెరిపేద్దామని మా ఆవిడ ఏటా అంటుంది, నేనే ఉంచాను.