చలికాలం దాటిన పాత షెవర్లే పికప్‌ను రోడ్డెక్కించే ముందు

అమెరికాలోని మిషిగన్‌లో ఏప్రిల్ వానలు రెండు మూడు గట్టిగా పడి, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కొట్టుకుపోయేదాకా పాత ట్రక్కు తాళం ముట్టుకోకండి. కాస్త ఎండ పొడచూపితే చేతులు ఊరుకోవు, నిజమే. కానీ ఆ ఉప్పునీళ్లు ఫెండర్ల మడతల్లోకీ క్యాబ్ మూలల్లోకీ చేరితే తుప్పు లోపల్నుంచే తినేస్తుంది, పైన రంగు పొంగేదాకా మనకు తెలియదు. ఇక్కడ చెప్పేదంతా 1940ల చివర్లో, 50ల మొదట్లో వచ్చిన షెవర్లే 3100 గురించి, అందులోనూ ఆరు సిలిండర్ల 216 ఇంజిన్ (ఘనపు అంగుళాల్లో దాని సైజు) ఉన్న బండి గురించి.

గ్యారేజీ తలుపు తీయగానే అందరూ ఇంజిన్ స్టార్ట్ అవుతుందా అనే చూస్తారు. నన్నడిగితే ముందు బ్రేకులు చూడాలి. ఈ బండిలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేక్ లైను ఒక్కటే. ఎక్కడ ఒక రబ్బరు గొట్టం చిట్లినా పెడల్ నేలకు దిగిపోతుంది, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇప్పటి కార్లలో అయితే సగమైనా మిగులుతాయి. పైగా పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ క్యాబ్ నేల కింద దాక్కుని ఉంటుంది. మ్యాట్ ఎత్తి మూత తీస్తే తప్ప ఆయిల్ ఎంతుందో కనిపించదు, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ దాని జోలికి పోరు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు సిలిండర్ లోపల తుప్పు పడుతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చేయండి. చక్రాల బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి చిన్న వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూడండి, లోపల తడిగా ఉంటే దాని పని అయిపోయినట్టే. చివరగా పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టి ఉంచండి. కాలి కింద మెల్లగా జారుతుంటే ఆ రోజుకు బండి కదలకూడదు.

1949 నుంచి పెట్రోలు ట్యాంకు సీటు వెనక, క్యాబ్ లోపలే ఉంటుంది. కాబట్టి లోపల పెట్రోలు వాసన వస్తే పాత బండికి ఇది మామూలేలే అని సరిపెట్టుకోకండి. పెట్రోలు పోసే గొంతు దగ్గరి రబ్బరు గొట్టం, ట్యాంకు మీద గేజీ యూనిట్ కింది వాషరు చూడండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు పాతకాలపు రబ్బరు తట్టుకోదు. మంటలార్పే సిలిండర్ ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

కరెంటు 6 వోల్టులు. అదే పనికి 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు లాగుతుంది కాబట్టి సన్నటి బ్యాటరీ కేబుళ్లు వేస్తే వేడెక్కి, స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ మార్చే ముందు కేబుళ్లూ, ఎర్త్ బిగించిన చోటూ గీకి శుభ్రం చేయండి, సగం జబ్బు అక్కడే ఉంటుంది. పక్కింటివాళ్ల 12 వోల్టుల కారుతో జంప్ ఇవ్వొద్దు. అదే కాలపు ఫోర్డ్ ట్రక్కుతో ఇచ్చేటప్పుడూ చూసుకోండి, వాటిలో ఎర్త్ పాజిటివ్ వైపు ఉంటుంది. కాలితో తొక్కే స్టార్టర్ అయితే ముందు న్యూట్రల్ చూసుకోవాలి, లేకపోతే బండి ముందుకు దూకుతుంది.

ఆయిల్ ప్రెషర్ గేజీ 30 వరకే ఉంటుంది, ముల్లు కిందికే ఉందని కంగారు పడనక్కర్లేదు. 216లో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు ఆయిల్ అందేది ఎక్కువగా చిమ్మే పద్ధతిలో. అందుకని బయల్దేరే ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి చూడాలి, ఫ్రీవే ఎక్కకూడదు. గంటకు 45 మైళ్ల దగ్గర హాయిగా పోతుంది, అంతకు మించి ఆశపడొద్దు. ఎయిర్ క్లీనర్ కూడా విప్పి చూడండి, చలికాలంలో ఎలుకలకు ఇష్టమైన ఇల్లు అదే.

టైర్ల పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. పదేళ్లు దాటితే గాడి ఎంతున్నా తీసేయండి. పెద్ద మోడళ్లకు విడి రింగు ఉన్న రిమ్ములు వస్తాయి, వాటిని ఇంట్లో విప్పడం ప్రాణాంతకం. గాలి నింపేటప్పుడు రింగు ఎగిరి మనుషులు పోయారు. లారీ టైర్ల షాపులో, ఇనుప బోనులో పెట్టి చేయించాలి.

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ క్రూజ్‌కు వెళ్లేవాళ్లకు మరొకటి. ఆ ఎండలో నత్తనడకన పోతుంటే పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోవచ్చు. స్టార్టర్ తిప్పుతూ బ్యాటరీ చంపుకోకుండా బానెట్ ఎత్తి చల్లారనివ్వండి, రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. వాన పడేలా ఉంటే ఇంకోమాట: పాత వైపర్లు నడిచేది ఇంజిన్ వాక్యూమ్ మీద, అంటే ఇంజిన్ గాలి పీల్చే లాగుడు మీద. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే అవి ఆగిపోతాయి, క్షణం కాలు తీస్తే మళ్లీ కదులుతాయి.