దీపావళి పేకాటకి వెళ్లేముందు: లూజ్ ప్లేయర్లతో ఏ పోకర్ ఆడాలి, ఏది వద్దు

దీపావళి దగ్గర పడింది, బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం వైపు మనవాళ్ల ఫ్లాట్లలో టేబుళ్లు మొదలైపోతాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నీ నిషేధించాక మా సర్కిల్‌లో యాప్ ఆడేవాళ్లు కూడా ఇళ్లలోకే వచ్చేశారు. ఏడాదంతా ముక్క ముట్టనివాడు ఆ రాత్రి కూర్చుని ప్రతి హ్యాండూ (చేతికొచ్చిన ముక్కలు) ఆడతాడు, ఏదొచ్చినా కాల్ (ఎదుటివాడు పెట్టినంత తనూ పెట్టడం) అంటాడు, ఇలాంటివాణ్నే లూజ్ ప్లేయర్ అంటారు, చూసేవాళ్లకి ఈజీ డబ్బులా కనిపిస్తుంది, సరిగ్గా అక్కడే ఆట తెలిసినవాళ్లు మునిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ముందు ఒక మాట. ఇల్లు ఇచ్చినవాడు ప్రతి పాట్‌లోంచి (అందరూ పెట్టిన పందెం డబ్బు) కట్ తీస్తున్నాడంటే అక్కడ కూర్చోకండి. కర్ణాటక పోలీస్ యాక్ట్ కింద అలాంటి చోటు జూదగృహం లెక్కలోకి రావచ్చు, రెయిడ్ పడితే ఆడేవాళ్లకీ తిప్పలే, పైగా లూజ్ టేబుల్‌లో మనకి మిగిలే లాభాన్ని ఆ కట్టే తినేస్తుంది.

ఇక గేమ్ సంగతి. నా ఓటు నో లిమిట్ హోల్డెమ్‌కే (చేతికి రెండు ముక్కలు, బోర్డ్ మీద అందరికీ కలిపి ఐదు, పందేనికి పరిమితి లేదు), అదీ చేతిలో కనీసం 100 బిగ్ బ్లైండ్స్ (ప్రతి ఆటకీ ముందే కట్టే తప్పనిసరి పందేల్లో పెద్దది) ఉంటేనే. మనకి మంచి హ్యాండ్ తగిలినప్పుడు ఎంతైనా పెట్టొచ్చు, వాడు కాల్ చేస్తాడు, లాభం అంతా అక్కడే ఉంది. కానీ ఒక లెక్క మనసులో బాగా నాటుకోవాలి. చేతిలో రెండు ఆసులున్నాయి, ఎదురుగా ఒక్కడే ఏవో ముక్కలతో ఉంటే 100కి 85 సార్లు మనమే గెలుస్తాం. అదే నలుగురు కాల్ చేస్తే గెలిచేది 56 సార్లే. అంటే 44 సార్లు ఆసులు ఓడిపోతాయి! అయినా లాభం ఎక్కువే, ఎందుకంటే పాట్‌లో మనం పెట్టింది ఐదో వంతు, మన వాటా సగం పైనే. ఈ లెక్క తెలియనివాడు రెండుసార్లు ఆసులు ఓడగానే ఆవేశపడి వాళ్లకంటే లూజ్‌గా ఆడ్డం మొదలుపెడతాడు, ఆ రాత్రి అక్కడితో అయిపోయినట్టే. నలుగురైదుగురు వచ్చే పాట్‌లలో రాజు జాకీ వేరే వేరే గుర్తుల్లో ఉన్నది లాంటివి పక్కన పడేయండి, చిన్న పెయిర్ ఉంటే మాత్రం చవగ్గా ఫ్లాప్ (బోర్డ్ మీద మొదట తెరిచే మూడు ముక్కలు) చూడండి, ఎనిమిది తొమ్మిది సార్లకోసారి సెట్ (ఆ పెయిర్‌కి మూడో ముక్క) తగులుతుంది, తగిలితే వాళ్లు వదలకుండా డబ్బులిస్తారు.

బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండా పందెంతో బెదిరించడం) మాత్రం వద్దు, అసలు వద్దు. ఫోల్డ్ చెయ్యనివాడి (ముక్కలు పడేసి తప్పుకోనివాడి) మీద బ్లఫ్ ఏంటి.

ఒమాహా దగ్గర చాలా జాగ్రత్త. నాలుగు ముక్కలిస్తారు, చేతిలోంచి సరిగ్గా రెండే వాడాలి, మిగతా మూడు బోర్డ్ మీదవి, అంటే ఒక్కొక్కరి దగ్గర ఆరు జతలు, ఐదు ముక్కల ఒమాహాలో పది. అందుకే ఫ్లాప్‌కి ముందు మంచి హ్యాండ్‌కీ చెత్త హ్యాండ్‌కీ తేడా తక్కువ, లూజ్‌గా వచ్చినవాడు అక్కడ అంత పెద్ద తప్పేం చెయ్యట్లేదు. వాడి తప్పంతా తర్వాత, నంబర్ వన్ కాని ఫ్లష్‌లూ (ఐదూ ఒకే గుర్తు) స్ట్రెయిట్‌లూ (ఐదూ వరసగా) పట్టుకుని చివరిదాకా వెళ్లడంలో. పోయిన దీపావళికి ఆ తప్పు నేనే చేశాను. బోర్డ్ మీద మూడు ఇస్పేట్లు, నా చేతిలో రాజు, తొమ్మిది ఇస్పేట్లే, నలుగురం మిగిలాం, పక్కన కూర్చున్న తమ్ముడు అరగంట నుంచి ఫోల్డే చెయ్యలేదు కాబట్టి వీడి దగ్గరేముంటుందిలే అనుకుని చిప్స్ మొత్తం తోశాను. వాడు నెమ్మదిగా ఇస్పేటు ఆసు, మూడు తిప్పి "అన్నా, నాదీ ఫ్లష్షే" అన్నాడు. అందుకే ఒమాహాలో అంతకంటే పెద్దది ఉండని హ్యాండ్ మీదే పెద్ద డబ్బు పెట్టండి, హోల్డెమ్‌కి తెచ్చినదానికి కనీసం రెట్టింపు ఉంటేనే కూర్చోండి, గెలుపోటముల ఊపులు అంత ఘోరంగా ఉంటాయి.

హై లో (పాట్‌లో సగం పెద్ద హ్యాండ్‌కి, సగం అన్నిటికంటే చిన్న హ్యాండ్‌కి పోయే ఆట) ఆడదాం అంటే అక్కడ కూడా లూజ్ వాళ్లు బాగా ఇస్తారు, ఒక్క వైపే గెలిచే హ్యాండ్‌తో వచ్చేస్తారు కాబట్టి. కాకపోతే ఉత్త ఆసు, రెండు పట్టుకుని లో నాదే అని పొంగిపోవద్దు. ముగ్గురూ తలో వెయ్యి పెట్టారు, పాట్ 3000, ఇంకొకడి దగ్గరా ఆసు, రెండు ఉన్నాయి, లో సగం మళ్లీ రెండు ముక్కలవుతుంది, మీకొచ్చేది 750. లో గెలిచి కూడా 250 పోయింది.

మూడు ముక్కలాట మాటెత్తితే నేను లేచి టీ పెట్టుకుంటాను. ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాడు కట్టేదానికి ముక్కలు చూసినవాడు రెట్టింపు కట్టాలి, ఆ రూలే లూజ్‌గా ఆడేవాడికి సాయం, మన ఓపికకి అక్కడ పెద్దగా పని లేదు.

లూజ్ అంటే అందరూ ఒకటి కాదు. కాల్ మాత్రమే చేసేవాడితో భయం లేదు, ప్రతిదానికీ రైజ్ కొట్టేవాడు (పందెం పెంచేవాడు) ఉంటే మాత్రం వాడి ఎడమ పక్కన సీటు పట్టుకోండి, వాడు ఏం చేశాడో చూశాక మన వంతు వస్తుంది. డబ్బు కవర్లో క్యాష్‌గా తీసుకెళ్లండి, మూడు బై ఇన్‌లు (ఒకసారి కూర్చోవడానికి పెట్టే డబ్బు), అంతే, ఫోన్ తీసి యూపీఐలో ఇంకోటి వేయించుకోవద్దు, అద్దె డబ్బులూ ఈఎంఐ డబ్బులూ ఆ అకౌంట్‌లోనే ఉంటాయి కదా. బయల్దేరేముందే అడగండి: ఏ గేమ్, బ్లైండ్స్ ఎంత, బై ఇన్‌కి లిమిట్ ఉందా, డీలర్ ఇష్టమొచ్చిన గేమ్ పెడతాడా. చివరిదానికి అవును అంటే ఒమాహా, మూడు ముక్కలు వచ్చిన రౌండ్లలో నేను కూర్చోను అని ముందే చెప్పేయండి.