ఫ్లాట్ వేసినా పోని మచ్చ

టెలిస్కోప్‌కు బిగించే కూల్డ్ కెమెరాతో (సెన్సర్‌ను చల్లబరిచే కెమెరా) తీసిన ఆకాశం ఫొటోలో మచ్చ కనిపిస్తే స్టాక్ చేసిన బొమ్మను, అంటే చాలా ఫ్రేములు కలిపి చేసినదాన్ని, పక్కన పెట్టండి. ఒకే ఒక్క రా ఫ్రేమ్ తెరిచి, స్ట్రెచ్ చేసి (మసక వివరాలు కనపడేలా వెలుగు పెంచి) చూడండి. తర్వాత ఒక ఫ్లాట్ (మచ్చలు సరిదిద్దడానికి సమానమైన వెలుగు వైపు తీసే ఫ్రేము) తీసి, కెమెరాను ఫోకసర్‌లో (టెలిస్కోప్‌కు కెమెరా బిగించే గొట్టంలో) 90 డిగ్రీలు తిప్పి ఇంకోటి తీయండి. మచ్చ ఫ్రేములో అదే చోట ఉంటే తప్పు కెమెరాతో పాటు తిరిగే వాటిలో ఉంది, అంటే ఫిల్టర్‌లోనో సెన్సర్ ముందున్న గాజులోనో. చోటు మారితే టెలిస్కోప్ వైపు వెతకాలి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండా డార్కులు (మూత పెట్టి తీసే ఫ్రేములు) మళ్లీ మళ్లీ తీస్తూ మంచి రాత్రులు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గుండ్రని మచ్చ: ధూళి. న్యూటోనియన్‌లో (అద్దాల టెలిస్కోప్) గారెలా నడుమ చిల్లుతో, రిఫ్రాక్టర్‌లో (కటకాల టెలిస్కోప్) నిండు బిళ్లలా పడుతుంది. మచ్చ వెడల్పు పిక్సెళ్లలో కొలిచి, పిక్సెల్ సైజుతోనూ ఎఫ్ నంబరుతోనూ (టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను దాని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) గుణిస్తే ధూళి సెన్సర్‌కు ఎంత దూరంలో ఉందో సుమారుగా తెలుస్తుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్, ఎఫ్/5, 200 పిక్సెళ్ల మచ్చ అయితే 3.76 మి.మీ.; అంటే సెన్సర్ గాజు మీదే. 1000 పిక్సెళ్లుంటే దాదాపు 19 మి.మీ., ఫిల్టర్‌ను చూడండి. బ్లోయర్ చాలు, గుడ్డతో రుద్దకండి.

మూలన వెలుగు: డార్క్ కుదరలేదు. ఉష్ణోగ్రత, గెయిన్, ఆఫ్‌సెట్, ఎక్స్‌పోజర్ నాలుగూ లైట్లతో (ఆకాశం తీసిన అసలు ఫ్రేములతో) ఒకటిగా ఉండాలి. ఐఎంఎక్స్571 సెన్సర్‌కు ఆంప్ గ్లో (సెన్సర్ సర్క్యూట్ల నుంచే వచ్చే వెలుగు) ఉండదు కాబట్టి అందులో మూల వెలిగితే బయటి కాంతి దూరుతోందేమో చూసుకోండి.

నడుమ మసక, రాత్రి గడిచేకొద్దీ పెద్దదవుతుంది: నన్ను బాగా ఏడిపించింది ఇదే. లైట్లు మైనస్ 10 దగ్గర తీసేవాణ్ణి. ఫ్లాట్లు తెల్లారాక, కూలర్ ఆపేశాక తీసేవాణ్ణి. అప్పటికి గాజు ఆరిపోయేది. లైట్లలో మచ్చ, ఫ్లాట్లలో ఏమీ లేదు. తప్పు ఫ్లాట్లదే అనుకుని నెల రోజులు వాటినే మార్చాను. అసలు కారణం తేమ. లోపల సెన్సర్ చల్లబడితే దాని ముందున్న గాజూ చల్లబడుతుంది, దాని మీద గాలిలోని చెమ్మ పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఇది తప్పించుకోలేని గొడవ.

పరీక్ష తేలిక. కూలర్ వేసిన గంటకు ఒక ఫ్లాట్, కెమెరా మామూలు వేడికి వచ్చాక ఇంకొకటి తీసి పోల్చండి. రెండోదాంట్లో మచ్చ లేకపోతే తేమే. ఇప్పుడు డ్రైవర్ సెట్టింగుల్లో గాజు హీటర్ ఆన్ చేయండి. చాలామంది దాన్ని ఆన్ చేయనే చేయరు. మచ్చ పోతే తేమ గాజు బయటిది. హీటర్ వేసినా నిలిస్తే లోపలిది, డెసికెంట్ (కెమెరా లోపలి చెమ్మ పీల్చే పదార్థం) పనయిపోయింది. మాన్యువల్‌లో చెప్పిన వేడిలో ఆరబెట్టండి, లేదా కొత్తది వేయండి. కెమెరా మూత ఏసీ గదిలోనే తీయండి, ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఉండే రబ్బరు రింగు) సరిగా కూర్చుందో చూసి బిగించండి. 30 డిగ్రీల రాత్రి మైనస్ 10 కోసం పట్టుబట్టకండి. అది 40 డిగ్రీల తేడా, చాలా కూలర్లు 35 దగ్గరే ఆగిపోతాయి. 0 దగ్గర పెట్టి, డార్కులు కూడా 0 దగ్గరే తీసుకోండి.

ఏటవాలు గీతలు: డిథరింగ్ (ఫ్రేము ఫ్రేముకూ టెలిస్కోప్‌ను కాస్త జరపడం) పెట్టలేదు, పెట్టండి. ఉపగ్రహాల గీతలు స్టాకింగ్‌లో సిగ్మా క్లిప్పింగ్‌తో (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లను తీసేసే పద్ధతి) పోతాయి. అడ్డంగా చారలు వస్తుంటే యూఎస్‌బీ కేబుల్, పవర్ అడాప్టర్ మార్చి చూడండి.