పనిచోట వివక్ష తగ్గాలంటే డ్యూటీ చార్టు దగ్గర మొదలుపెట్టండి

మార్చి 8న మహిళా దినోత్సవమని ముగ్గుల పోటీ పెట్టి, మేనేజరు చేత నాలుగు ముక్కలు మాట్లాడించి, గ్రూపు ఫోటో దిగితే పనిచోట సమానత్వం రాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంటు కానివ్వండి, మండపేట రైసుమిల్లు కానివ్వండి, అమలాపురంలో ప్రైవేటు ఆసుపత్రి కానివ్వండి, తేడా దాగుండేది రోజువారీ ఏర్పాట్లలోనే. ఎవరికి ఏ పని పడుతోంది, ఎవరి సెలవు ముందు తెగుతోంది, ఎవరు ఎక్కడ కూర్చుని తింటున్నారు? వీటిలో చాలావాటిని ఉద్యోగులే కదిలించవచ్చు. యజమాని మనసు మారేదాకా ఆగక్కర్లేదు.

ముందు ఒక వారం రాసుకోండి

నోటుపుస్తకంలో గళ్ళు గీయండి: పని, చేసేది ఆడవాళ్ళా మగవాళ్ళా, స్థానికులా పైరాష్ట్రం వాళ్ళా, కంపెనీ జాబితాలోనా కాంట్రాక్టరు జాబితాలోనా, రోజు కూలీయా కిలో లెక్కా, వారపు సెలవు ఉందా లేదా. కులం గడి మాత్రం పెట్టకండి. తోటివాళ్ళ కులాలు రాసిన కాగితం బయటపడితే రాసినవాళ్ళ మీదికే తిరుగుతుంది, అసలు విషయం పక్కకుపోతుంది. కంటికి కనిపించేది రాస్తే చాలు: మరుగుదొడ్లు, కాలవలు కడిగే పని ఏడాది పొడవునా ఎవరికి పడుతోంది, తాగునీళ్ళ దగ్గర ఎవరి గ్లాసు వేరుగా ఉంది, క్యారేజీ విప్పే వేళకి ఎవరు గుమ్మం బయట కూర్చుంటున్నారు.

రొయ్యల ప్లాంట్లలో ఇంకొకటి చూడాలి. పీలింగ్‌కి కిలో లెక్కన కూలి ఇచ్చేచోట అంతా కౌంటులోనే ఉంటుంది. 30 కౌంటు సరుకైతే కిలోకి ముప్పై రొయ్యలు వలిస్తే సరి, 100 కౌంటైతే వంద వలవాలి. రేటు ఒకటే పెట్టి, పెద్ద సరుకంతా సూపర్వైజరు ఊరివాళ్ళ టేబుల్‌కే పంపితే, చిన్న సరుకు పడ్డ ఒడిశా అమ్మాయికి అన్ని గంటలే నిలబడినా చేతికి చాలా తక్కువ వస్తుంది. కాగితం మీద మాత్రం అందరికీ ఒకే రేటు! ఇక్కడ అడగదగ్గవి రెండు: కౌంటును బట్టి రేటు మార్చడం, లేదా టేబుళ్ళకు సరుకు వంతులవారీగా పంపడం. రెండోదానికి యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు దాన్నే అడగండి. ఒకే పనికి ఆడవాళ్ళకి తక్కువ, మగవాళ్ళకి ఎక్కువ ఇవ్వకూడదని 1976లోనే చట్టం వచ్చింది. 2019 వేతన కోడ్‌లోనూ ఆ నియమం ఉంది.

నలుగురైదుగురు కలవండి, కానీ ఎవరెవరు?

అందరూ ఒకే ఊరి వాళ్ళో, ఒకే సామాజికవర్గమో, ఒకే సెక్షనో అయితే "అది వాళ్ళ గొడవ" అని మొదటి రోజే కొట్టిపారేస్తారు. ఆఫీసు నుంచి ఒకరు, షాపుఫ్లోరు నుంచి ఇద్దరు, కాంట్రాక్టు వాళ్ళలో ఒకరు ఉండాలి. సంతకాలు మాత్రం పర్మనెంటు వాళ్ళే పెట్టాలి. కాంట్రాక్టు మనిషి పేరు కాగితం మీద కనబడితే మర్నాడు మేస్త్రి "రావక్కర్లేదు" అంటాడు, దానికి ఉత్తర్వు కూడా అక్కర్లేదు.

సమావేశం షిఫ్టు అయ్యాక పెట్టకండి. పల్లెల నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఆడవాళ్ళు బస్సు పోతుందని లేచిపోతారు, చివరికి ఆడవాళ్ళ సమస్యల మీద మగవాళ్ళే మాట్లాడుకుంటారు. భోజన విరామంలో ఇరవై నిమిషాలు చాలు.

చిన్నవి, ఖర్చులేనివి

వేరు గ్లాసుల సమస్యకి చాలాచోట్ల పేపరు గ్లాసులు తెస్తారు. అది పరిష్కారం కాదు, కప్పిపెట్టడం. ఒకే స్టాండు మీద ఒకేరకం స్టీలు గ్లాసులు, ఎవరు తాగింది వాళ్ళే కడిగి పెట్టడం, ఆఫీసు వాళ్ళూ అక్కడే తాగడం. మూడోది లేకపోతే మొదటి రెండూ వారంలో పోతాయి. మరుగుదొడ్లు కడిగే పని డ్యూటీ చార్టులోకి తెచ్చి వంతులు వేయండి, లేదా దానికి అదనపు భత్యం, చేతి తొడుగులు, గమ్ బూట్లు రాయించండి.

బోర్డుల సంగతి ప్రాణానికి సంబంధించింది. ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో చల్లదనానికి అమోనియా వాడతారు. లీకైతే గాలి వాలున పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా, పక్కకి పోవాలి. ఈ ముక్క తెలుగులోనే రాసి ఉంటే ఒడియా, బెంగాలీ, హిందీ వాళ్ళకి అది గోడమీద రంగు. ఆ భాషలవాళ్ళ చేతే రాయించండి. చదువురాని వాళ్ళకి వాళ్ళ భాషలో నిమిషం లోపు ఆడియో రికార్డు చేసి ఫోన్లకి పంపండి, తర్వాత గేటు ఎటు అని అడిగి చూడండి.

సెలవులు

డెల్టాలో సంక్రాంతికి ఊరంతా సెలవే. ఆ మూడు రోజులూ డ్యూటీ చేసేది ఎవరో చూస్తే విషయం తెలిసిపోతుంది. డిసెంబరు మొదటి వారంలోనే రిజిస్టరు తెరవండి. సంక్రాంతికి పనిచేసినవాళ్ళకి క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే, రంజాన్‌లలో వాళ్ళు కోరింది ఖాయంగా ఇవ్వాలి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి తేదీ పాత చార్టు నుంచి ఎత్తిరాయకండి. నోటిమాట మీద జరిగే మార్పిడి రెండేళ్ళకి "వాళ్ళు ఎలాగూ పండక్కి ఉంటారుగా" అన్న అలవాటైపోతుంది. అందుకే నిరుడు పండగకి పనిచేసినవారు ఈ ఏడు సెలవుకి మొదటి వరసలో ఉంటారని రిజిస్టరు మొదటి పేజీలోనే రాయండి.

ఫిర్యాదు కమిటీ ఉందో లేదో అడగండి

పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం కింద లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షత సీనియర్ మహిళా ఉద్యోగిది, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు, బయటి నుంచి ఒకరు. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. పేర్లున్న ఉత్తర్వును అందరికీ కనబడేచోట అంటించాలి. యజమాని బంధువును "బయటి సభ్యురాలు"గా చూపించడం మామూలైన మోసం, అడిగేటప్పుడు ఆ పేరు దగ్గరే ఆగండి.

కాంట్రాక్టు, రోజుకూలీ, ట్రైనీ అందరూ ఈ చట్టంలోకి వస్తారు. కంపెనీ బస్సు కూడా పనిచోటే. ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పదిమంది కన్నా తక్కువ ఉన్న షాపుల్లో, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి.

ర్యాంపు

వరద భయంతో మన దగ్గర అరుగులు ఎత్తుగా కడతారు. ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. అంటే మూడడుగుల అరుగుకి కనీసం 36 అడుగుల పొడవు, మధ్యలో ఆగడానికి చదును. స్థలం చాలదని పన్నెండడుగుల్లో కట్టేస్తే అది బైకులు ఎక్కించుకోవడానికే పనికొస్తుంది. గోడవెంట మలుపు తిప్పితే పొడవు దొరుకుతుంది. వెడల్పు కనీసం నాలుగడుగులు, రెండువైపులా పట్టుకమ్మీ, పైన గరుకు సిమెంటు. టైల్సు వేస్తే వానకి జారతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థకు కూడా సమాన అవకాశాల విధానం రాతలో ఉండాలి, దాని ప్రతి అడగండి.

కొత్తవాళ్ళని తీసుకునేటప్పుడు

ఖాళీ ఉందని మనవాళ్ళ చెవిన వేస్తే మనవాళ్ళే వస్తారు. గ్రామ సచివాలయం, ఆర్టీసీ కాంప్లెక్సు, పాలిటెక్నిక్ నోటీసు బోర్డుల్లో కూడా పెట్టించండి. ఇంటర్వ్యూలో "ఇంటిపేరేంటి, మీదే ఊరు, పెళ్ళెప్పుడు" అన్నవి తీసేసి అందరికీ ఒకే ప్రశ్నల కాగితం వాడమనండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉద్యోగం నిరాకరించడాన్ని వారి హక్కుల కోసం వచ్చిన 2019 చట్టం నిషేధించింది. చేరాక వారు చెప్పిన పేరుతోనే హాజరుపట్టీ, ఐడీ కార్డు ఉండాలి.

ఏది అడిగినా ఒకటే విషయం, ఒక పేజీ, కింద గడువు తేదీ. పది కోరికలు కలిపి ఇస్తే అన్నిటికన్నా సులువైనది చేసి మిగతావి మరచిపోతారు. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడు పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపి రసీదు దాచండి. అడిగాక ఎవరికైనా షిఫ్టు మారినా, కోత పడినా ఆ తేదీల పక్కన ఈ రసీదు తేదీ పెట్టి కార్మికశాఖ అధికారికి చూపించవచ్చు. ఆరు నెలలకి మళ్ళీ అవే గళ్ళతో ఇంకో వారం రాయండి.