పాత పికప్‌కు కొత్త ఛాసిస్ - మూడో పాఠం: కర్ణాలు కలిసినా మెలిక ఉండొచ్చు

పాత పికప్ బండికి కొత్త ఛాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం (ఫ్రేము), మనమే కట్టుకుంటున్నాం. దానికి పైపులు తెచ్చుకొని, తుప్పు గీకి, పొడవుకు కోసి పెట్టుకొమ్మని పోయిన పాఠంలో చెప్పాను. ఈ పాఠంలో ఒక్క అతుకు కూడా పూర్తిగా వెల్డింగ్ చేయం. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. మెషీన్ షెడ్డులోకి వచ్చాక చేతులు ఊరుకోవు. అయినా ఆగాలి.

ఎందుకు ఆగాలో చెప్తాను. మనం ఎంచుకున్నది 100×50 మి.మీ. సైజు, 4 మి.మీ. మందం ఉన్న బాక్సు పైపు. మీటరుకు దాదాపు 8.6 కిలోలు తూగుతుంది. అదే సైజు, అదే మందం ఉన్న సీ-చానల్‌తో (ఒక పక్క తెరిచి ఉండే కమ్మీ) పోలిస్తే, అంతే బలంతో మెలితిప్పినా ఇది వందో వంతు కూడా తిరగదు. పాత జీపుల చానల్ ఫ్రేము కొద్దిగా వంకర ఉన్నా బోల్టులు బిగిస్తే లొంగి సర్దుకుంటుంది. బాక్సు పైపు అట్లా లొంగదు. వంకరగా అతికితే ఆ వంకర ఇక శాశ్వతం. తర్వాత జాకీ పెట్టి ఎత్తినా, గొలుసు కట్టి లాగినా పోదు. బండి ఒక పక్కకు గుంజుతుంటే టైర్లను, స్టీరింగ్‌ను అనుమానిస్తూ తిరగాల్సి వస్తుంది.

ముందు నేల సంగతి చూద్దాం. మన దిక్కు షెడ్లలో ఎక్కువగా తాండూరు బండలో, సిమెంటు గచ్చో ఉంటుంది. నీళ్లు పోవడానికి మేస్త్రీ దానికి వాలు ఇచ్చే ఉంటాడు. కాబట్టి నేలను నమ్మొద్దు. నేల మీద ఇటుకలు పేర్చి, వాటిపై రెండు ఐ-బీములు పొడవుగా పెట్టి, ఒక బల్లలా తయారు చేసుకోండి. కొత్తవి కొనక్కర్లేదు. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లు షెడ్లు కట్టే ఫ్యాబ్రికేషన్ వాళ్లనో, మీ ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీలు చేసే షాపునో అడిగి చూడండి. పని అయ్యాక తిరిగి ఇస్తామంటే కాదనే వాళ్లు తక్కువే.

బల్ల లెవల్‌కు మేస్త్రీలు వాడే నీళ్ల పైపే చాలు. స్పిరిట్ లెవల్ పొట్టిగా ఉంటుంది కాబట్టి మూడు మీటర్ల దూరానికి అది సరిపోదు. పైపులో ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు. నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపితే అంచు స్పష్టంగా కనబడుతుంది. రెండు కొసలూ పట్టుకొని, నీళ్లు ఊగడం ఆగాకే గుర్తు పెట్టండి. తక్కువ వచ్చిన చోట బీము కింద రేకు ముక్కలు పెట్టి లేపండి. చెక్క ముక్కలు వద్దు, బరువుకు అణుగుతాయి.

ఇప్పుడు బల్ల మధ్య నుంచి ముందూ వెనకా ఒక దారం లాగి కట్టండి. పొడవు పైపులు రెండింటినీ దారానికి చెరో పక్కన పెట్టండి. ఇక ప్రతి కొలతా ఈ నడిమి దారం నుంచే తీయాలి. ఎడమ పైపు నుంచి కుడి పైపుకు కొలుచుకుంటూ పోతే, మొదటి పైపులో ఉన్న తప్పు రెండోదానికీ అంటుకుంటుంది.

లెక్క కోసం విల్లీస్ పికప్‌నే తీసుకుందాం. 1947లో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చిన ఈ బండి వీల్‌బేస్ (ముందు, వెనక ఆక్సిళ్ల మధ్య దూరం) 118 అంగుళాలు, అంటే 2997 మి.మీ. సులువుగా 3000 అనుకుందాం. రెండు పైపుల మధ్య వెడల్పు 750 అనుకోండి. మీ బండికి ఏ కొలత ఉంటే అది వేసుకోండి. రెండు పైపుల మీదా ముందు ఆక్సిల్ గుర్తు, వెనక ఆక్సిల్ గుర్తు గీసి, ఎదురు మూలల మధ్య టేపు పట్టండి. ఫ్రేము మూలలన్నీ మూలమట్టానికి సరిగ్గా ఉంటే ఈ రెండు కర్ణాలూ 3092 మి.మీ. వస్తాయి. ఒక పైపు 5 మి.మీ. ముందుకు జరిగితే ఒక కర్ణం పెరుగుతుంది, ఇంకోటి తగ్గుతుంది, రెండింటి మధ్య తేడా దాదాపు 10 మి.మీ. అవుతుంది. తప్పును రెట్టింపు చేసి చూపిస్తుంది కాబట్టే కర్ణం కొలత అంత నమ్మకమైనది. తేడా 2 మి.మీ. లోపు ఉంటే ముందుకు పోవచ్చు. 3 దాటితే మళ్లీ సర్దండి.

చాలామంది ఇక్కడితో ఆపి వెల్డింగ్ రాడ్డు అందుకుంటారు. కర్ణాలు సమానంగా వచ్చినా ఫ్రేము తప్పుగా ఉండే దారులు రెండున్నాయి. ఒకటి, ముందు వెడల్పు 740, వెనక వెడల్పు 760 అయినా కర్ణాలు కలుస్తాయి. కాబట్టి ముందు, నడుమ, వెనక వెడల్పు వేరుగా కొలవాలి. ఇది తేలికే.

రెండోది మెలిక. నాలుగు మూలల్లో ఒకటి 10 మి.మీ. పైకి లేచిందనుకోండి. కర్ణం ఎంత మారుతుంది? మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా మారదు. ఏ టేపూ దాన్ని పట్టదు. ఎన్నిసార్లు కొలిచినా "అంతా కరెక్టే" అనిపిస్తుంది.

దీన్ని పట్టేది దారమే. నాలుగు మూలల మీద ఒకే మందం ఉన్న నాలుగు నట్లు పెట్టండి. వాటి మీదుగా ఒక మూల నుంచి ఎదురు మూలకు ఒక దారం, మిగతా రెండు మూలలకు ఇంకో దారం బిగుతుగా లాగండి. నడుమ రెండూ ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉండాలి. సందు కనిపిస్తే, ఆ సందుకు రెట్టింపు ఎత్తు ఒక మూల లేచి ఉన్నట్టు లెక్క. 5 మి.మీ. సందుంటే 10 మి.మీ. మెలిక. సందు లేకపోయినా సంబరపడొద్దు. పై దారం కింది దాన్ని నొక్కుతూ ఉండొచ్చు. కింది దారాన్ని విప్పి పైన వేసి మళ్లీ చూడండి. రెండు రకాలుగానూ ఒరుసుకోకుండా తాకితేనే మెలిక లేనట్టు.

కొలతలన్నీ పొద్దున్నే, ఎండ షెడ్డులోకి రాకముందే తీయండి. వేసవిలో ఒక పైపు ఎండలో, ఇంకోటి నీడలో ఉండి, రెండింటికీ 30 డిగ్రీల తేడా వస్తే 3 మీటర్ల పొడవులో 1 మి.మీ.కు పైగా తేడా పడుతుంది. అంతకన్నా తిప్పలేమిటంటే, పైముఖం కాలి కిందిముఖం చల్లగా ఉన్న పైపు కొంచెం విల్లులా వంగుతుంది. మధ్యాహ్నం కొలిచి సాయంత్రం అతికితే ఏ కొలతను నమ్మాలో తెలియక టెన్షన్ పడాల్సిందే.

ఇక ట్యాకులు, అంటే పైపులు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకులు. 2.5 మి.మీ. 6013 రకం రాడ్డు, 70-80 ఆంపియర్లు. ఒక్కో ట్యాక్ వేలి గోరంత ఉంటే చాలు. ముందు ఎడమ మూలలో ఒకటి వేస్తే, తర్వాతది వెనక కుడి మూలలో. అతుకు చల్లారేటప్పుడు తన వైపుకు గుంజుతుంది. ఒకే వైపు వరుసగా వేస్తే ఫ్రేము అటే తిరుగుతుంది. నాలుగు మూలలూ అయ్యాక కర్ణాలు, వెడల్పులు, దారాలు మళ్లీ చూడండి. తప్పుంటే గ్రైండర్‌తో ఆ ట్యాక్ కోసి మళ్లీ వేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. గాల్వనైజ్డ్ పైపు మాత్రం వాడొద్దు. దాని జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

పాత ఛాసిస్ నంబరును కొత్త ఫ్రేము మీద కొట్టుకోవచ్చా అని కొందరు అడిగారు. కొట్టొద్దు, అది నేరం. ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2021లో 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' అక్షరాలతో నంబరు తెచ్చారు. ఛాసిస్ మార్చిన బండికి అది వర్తించదు, అసలు రూపం చెడకుండా ఉన్న వాటికే. మనం కడుతున్నది సొంత చేనులో, సొంత ఆవరణలో తిప్పుకోవడానికే అనుకోండి. రోడ్డు ఎక్కించాలన్న ఆలోచన ఉంటే ఒక్క ట్యాక్ కూడా వేయకముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి, రాతపూర్వకంగా అడగండి.

ఈ వారం పని: ట్యాకులు వేయకముందు నాలుగు పైపు ముక్కలను బల్ల మీద చట్రంలా పేర్చి దారాలు కట్టండి. పై దారం పోయే ఒక మూలలో నట్టు కింద 6 మి.మీ. వాషరు పెట్టండి. నడుమ 3 మి.మీ. సందు రావాలి. రాకపోతే దారం వదులుగా ఉందో, బల్ల లెవల్ తప్పిందో వెతకండి. వచ్చే పాఠంలో కమాన్ కట్టల బ్రాకెట్లు పెడదాం. ఆ కట్టలను పట్టి ఉంచే షాకిల్ బుష్‌లు, యూ-బోల్టులు కొలిచి రాసి పెట్టుకోండి.