స్పీకర్ పలకకపోతే ముందు శబ్దం తగ్గించండి

పోయిన వారం తిరుపతిలో అక్క ఇంట్లో రాత్రి భోజనానికి కూర్చున్నాం. టెక్సాస్‌కు చదువుకు వెళ్లి ఇంకా నెల నిండని మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ఇంటి నుంచి తెచ్చుకున్న స్మార్ట్ స్పీకర్ చెడిపోయింది. పొద్దున 5 గంటలకు సుప్రభాతం పెట్టమని చెప్పి వారమైంది. ఒక్కరోజూ నోరు విప్పలేదు" అన్నాడు. తిరుపతి కొర్లగుంటలో పుట్టి పెరిగినవాడు. తన ఇంట్లో పెట్టకపోయినా పక్కింటి నుంచి ఆ పాట వినబడే వీధి మాది. వాడి బెంగ స్పీకర్ గురించి మాత్రమే కాదని అక్కకు అర్థమైంది, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. నాకూ జాలి వేసేదే, వాడు ఆ వెంటనే "వాల్యూమ్ 10కి పెంచి ఉంచాను మామా" అనకపోయి ఉంటే.

అమెరికాకు కొత్తగా వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిగతాదంతా తర్వాత. పలకని స్పీకర్‌కు శబ్దం పెంచకండి. 3కో 4కో దించి, అప్పుడు రోగం వెతకండి.

నేను వెళ్లింది 2017లో. మూడో నెలలో ఒక సీనియర్ దగ్గర పాత స్పీకర్ కొన్నాను. ఒక రాత్రి పాట అడిగితే దీపం వెలుగుతుంది, మాట లేదు, పాట లేదు. నాతో గదిలో ఉండే చిత్తూరు కుర్రాడు దాన్ని తన బ్లూటూత్ స్పీకర్‌కు జత చేసి, ఆ రెండోదాని శబ్దం సున్నాకు దించి మంచం కింద పడేశాడని నాకేం తెలుసు? పాటంతా ఆ మంచం కిందికి పోతోంది. నేను 10 వరకు పెంచి, నాలుగు తిట్లు తిట్టి పడుకున్నాను. తెల్లవారుజామున మంచం కింది దానికి చార్జింగ్ అయిపోయింది, జత తెగింది. 5 గంటలకు పెట్టుకున్న సుప్రభాతాన్ని నా స్పీకర్ సొంత గొంతుతో అందుకుంది.

అక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క చట్రాల మీద కట్టినవి. పైన గ్లాసు జారితే కింద ఉలిక్కిపడతారు. కింది ఇంటి ముసలావిడ రాత్రి దుస్తుల మీదే కోటు తగిలించుకుని వచ్చి, మంటలేమైనా రేగాయా అని అడిగింది. మధ్యాహ్నానికి తలుపు మీద నోటీసు. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు చప్పుడు చేయకూడదని అద్దె ఒప్పందంలో ఉందట. సంతకం పెట్టింది నేనే, చదవనిదీ నేనే. ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ మెట్ల మీద కనబడితే చాలు, ఏదో మరచిపోయినట్టు వెనక్కి తిరిగేవాణ్ని.

సరే, మేనల్లుడి సంగతి. గదిలో మిగతావాళ్లను అడిగి చూడరా అన్నాను. అడిగాడు. "రోజూ సాయంత్రం ఆరున్నరకు ఏవో మంత్రాలు గట్టిగా వినిపిస్తాయి, మీ సంధ్యావందనం అనుకున్నాం" అన్నారట. ఆ వేళకు వీడు కాలేజీలో ఉంటాడు. స్పీకర్ యాప్‌లో చిరునామా, టైమ్ జోన్ రెండూ ఇంకా తిరుపతివే. ఇక్కడ ఉదయం 5 గంటలంటే, గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచే వేసవి సమయంలో అక్కడ ముందు రోజు సాయంత్రం 6:30. పాపం అది చెప్పినట్టే పాడింది, తిరుపతి లెక్కన. ఆ రెండూ మార్చుకోండి. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి వెళ్లినా అది తనంతట తాను సర్దుకుంటుంది. అమ్మకు ఫోన్ చేసే వేళ మాత్రం మీరే సర్దుకోవాలి.

విశ్వవిద్యాలయం వసతిలో ఉండేవాళ్ల బాధ వేరు. అక్కడి వైఫై సాధారణంగా పేరూ పాస్‌వర్డూ రెండూ అడుగుతుంది, లేదా తెర మీద ఒక పేజీ తెరిచి ఒప్పుకోమంటుంది. తెరే లేని పరికరం దేని మీద ఒప్పుకుంటుంది? యాప్‌లో స్పీకర్ మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఆ పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) చూసి, విద్యార్థుల పరికరాలను నమోదు చేసే పేజీ ఉంటే అక్కడ రాయించండి. అంతకుముందు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. అక్కడ పాడిందంటే తప్పు స్పీకర్‌ది కాదు. మీ పాత స్పీకర్‌కు 5 గిగాహెర్ట్జ్ వైఫై అందకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి.

రెండు వారాలు బాగా పాడి తర్వాత మానేస్తే పాటల ఖాతా ఏ దేశానిదో చూడండి. స్పాటిఫై ఉచిత ఖాతా సొంత దేశం దాటితే 14 రోజులే నడుస్తుంది. దేశం మార్చుకుంటే సరి.

కరెంటు గురించి చాలామంది భయపడతారు. అడాప్టర్ మీద 100-240 వోల్ట్‌లు అని ఉంటే అమెరికా 120 వోల్ట్‌ల మీద నిక్షేపంగా పనిచేస్తుంది, పిన్ను మార్చే ముక్క ఒక్కటి చాలు. అమెజాన్ ఎకో స్పీకర్ మీద ఎర్ర దీపం కదలకుండా వెలుగుతుంటే మైకు ఆపేసి ఉందని. దానికి కూడా నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు.

నిజానికి నేను చూసిన పలకని స్పీకర్లలో చెడిపోయింది ఒక్కటీ లేదు. ఆ నోటీసు కూడా హెచ్చరికే, ఎవరూ నన్ను ఇల్లు ఖాళీ చేయించలేదు. సంక్రాంతికి ముసలావిడకు అరిసెలు ఇచ్చాను, తీసుకుంది. మీవి కూడా సర్దుకుంటాయి, నాయనా. ఈలోగా మరీ బెంగగా ఉంటే అమ్మ సూట్‌కేసులో పెట్టిన స్టీలు గ్లాసు తీసి, ఫోన్‌లో పాట పెట్టి అందులో నిలబెట్టండి. గదికి సరిపోతుంది, కింది ఇంటికి వినబడదు. స్పీకర్ కొనేదాకా నేను విన్నది అలాగే.