షుగర్ బదులు స్వీట్‌నర్ వాడుతున్నారా? కార్బ్స్ లెక్క ఇలా వేయండి

లో కార్బ్ (కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, తగ్గించి తినడం) మొదలుపెట్టగానే చక్కెర డబ్బా అటక ఎక్కించి తాటిబెల్లం కొనేస్తారు అందరూ. చెన్నైలో కరుపట్టి (తాటిబెల్లం) కాఫీ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కదా, నేచురల్ అండీ అని రెండు గ్లాసులు లాగించేస్తారు. తాటిబెల్లం, మామూలు బెల్లం, తేనె, బ్రౌన్ షుగర్, మన లెక్కలో అన్నీ చక్కెరే. ముందు అవి తీసేయండి.

కావాల్సినవి ఒక చిన్న కాటా, ఫోన్‌లో కాలిక్యులేటర్, అంతే.

తర్వాత కొట్లో ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పండి. ముందువైపు "షుగర్ ఫ్రీ", "డయాబెటిక్ ఫ్రెండ్లీ" అని ఏం రాసున్నా చదవొద్దు. పదార్థాల లిస్టులో స్వీట్‌నర్ల నంబర్లుంటాయి: 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్.

ఇక అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. ఎరిత్రిటాల్ డబ్బా మీద 100 గ్రాములకి కార్బ్స్ దాదాపు 100 అనే ఉంటుంది, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) కలిపిన స్టీవియా పొడి మీద కూడా దాదాపు అంతే ఉంటుంది. నంబర్ ఒకటే కానీ ఎరిత్రిటాల్ ఒంటికి పట్టకుండా చాలావరకు యూరిన్‌లో వెళ్లిపోతుంది కాబట్టి కార్బ్స్ లెక్కలోంచి మొత్తం తీసేయొచ్చు, మాల్టోడెక్స్‌ట్రిన్ మాత్రం గ్లూకోజ్ లాగే షుగర్ పెంచుతుంది, అందులో ఒక్క గ్రాము కూడా తీసేయకూడదు. స్టీవియా చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తీపి, అంటే గ్రాము సాచెట్‌లో అసలు స్టీవియా చిటికెడు కూడా ఉండదు, మిగతాదంతా ఏంటో చూసుకోవాలి కదా. కాఫీలో ఒక సాచెట్‌కి కొంప మునగదు, పాయసంలో కప్పు పోస్తేనే తంటా.

మాల్టిటాల్ ఇంకో రకం, సగమే తీసేయాలి. షుగర్ ఫ్రీ చాక్లెట్ మీద 100 గ్రాములకి కార్బ్స్ 60, అందులో పాలియోల్స్ (ఇక్కడ మాల్టిటాల్) 40 అని ఉందనుకోండి, 40 మొత్తం తీసేసి 20 అనుకుంటారు, అసలు లెక్క 40. ముప్పై గ్రాముల ముక్క తింటే 12 గ్రాములు, రోజుకి 20 గ్రాముల కార్బ్సే తినేవాళ్లకి సగం పైన అక్కడే అయిపోయింది. పైగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు. మిఠాయి కొట్లలో డయాబెటిక్ స్వీట్ కొనేటప్పుడు ఏం వేశారో అడగండి, చెప్పకపోతే కొనకండి.

నా రూల్ ఏంటంటే కాఫీలో స్టీవియా డ్రాప్స్, స్వీట్లలో ఎరిత్రిటాల్, వేరేది వద్దు. ఎరిత్రిటాల్ తీపి చక్కెరలో 70 శాతమే, కొంచెం ఎక్కువ పడుతుంది, నాలుక మీద చల్లగా తగులుతుంది. దాంతో పాకం పట్టి అరిసెలు చేద్దామనుకోకండి, చల్లారితే మళ్లీ పలుకులు కడుతుంది. జైలిటాల్ మాత్రం ఇంట్లో కుక్క ఉంటే అసలు తేవద్దు, వాటికి విషం.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు కార్బ్స్ తగ్గించే ముందు డాక్టర్‌తో మాట్లాడండి, డోసు మార్చాల్సి రావచ్చు.

ఇంకోటి, స్వీట్‌నర్ గురించి ఇంత గింజుకుని పాలు మర్చిపోతారు. 100 మి.లీ. పాలల్లో దాదాపు 5 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, కాఫీ ఎన్నిసార్లు తాగుతారో దాన్నిబట్టి అదీ కలపండి.